వెలుగును లెక్క అడిగిన మహనీయుడు: చంద్రశేఖర వేంకటరామన్

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకవర్గమువారు నన్ను కోరిరి. నాకు గల కొద్దిపాటి చదువు భారత భాగవతములతో ముడిపడినదని యెఱిగినవారు, నేను ఏ తిక్కన సోమయాజి చరిత్రయో, ఏ పోతనామాత్యుని చరిత్రయో వ్రాయుదునని తలచియుందురు. నేనును మొదట అట్లే తలచితిని. కాని గత వర్షాకాలమున జరిగిన ఒక చిన్న విషయము నా సంకల్పమును మార్చినది.

ఒకనాటి సాయంకాలము ఉన్నత పాఠశాలలో చదువుకొనుచున్న ఒక బాలిక మన గ్రంథాలయమునకు వచ్చి, విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకమును నా ముందు తెఱచి, వక్రీభవనమనగా నేమని యడిగినది. పుస్తకములో నున్న నిర్వచనము చెప్పుమంటిని. ఒక్క అక్షరము తప్పకుండ ఒప్పజెప్పినది. దానిని ఎప్పుడైన కంటితో చూచితివా యంటిని. లేదన్నది. ఆ బాలిక ప్రతిదినము చెఱువుగట్టు మీదుగా పాఠశాలకు పోవుచున్నది. ఆ చెఱువులో ఏటవాలుగా నిలిచిన గుంజలన్నియు నీటిమట్టము కడ విఱిగినట్లు కనబడుచునే యున్నవి. నేనొక గాజు గ్లాసులో నీరు పోసి, అందు పెన్సిలును ఏటవాలుగా నిలిపి చూపితిని. ఆ బిడ్డ ముఖమున విరిసిన సంతోషము నేను మఱువజాలను. అదే సమయమున నాకు సిగ్గును కలిగినది. చిన్ననాడు నేనును ఆ మాటను వల్లించి మార్కులు తెచ్చుకొన్నవాడనే. అది చెఱువులో కనబడునని నాకు చెప్పినవారు లేరు. ఏబది దాటిన యీ వయస్సు వఱకును ఆ గుంజలను చూచియు చూడనివాడనే.

ఆ రాత్రి నా తలపునకు వచ్చిన మహనీయుడు సర్ చంద్రశేఖర వేంకటరామన్. వెలుగును గూర్చి పుస్తకములు చెప్పిన దానిని వారు వల్లించి ఊరకుండలేదు. తమ కంటితో చూచి, అది ఏల యని అడిగిరి. మఱియొక కారణముచేత కూడ వారు నాకు ఆప్తులు. పద్దులు వ్రాసి జీవించువాడను నేను. వారును జీవితమున పదేండ్లు పద్దుల నడుమ గడపినవారే.

రామన్‌గారు 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చెంతనున్న తిరువానైకావలులో జన్మించిరి. తండ్రి చంద్రశేఖర అయ్యరు, తల్లి పార్వతి అమ్మాళ్. తండ్రికి 1892లో విశాఖపట్టణమున ఏ. వి. ఎన్. కళాశాలలో గణిత భౌతిక శాస్త్రముల ఉపన్యాసకునిగా ఉద్యోగము దొరకుటచే, ఆ కుటుంబము మన తెలుగు సీమకు వచ్చి చేరినది. కావేరి ఒడ్డున పుట్టిన ఆ బాలుని చదువు విశాఖ సముద్రతీరమున సాగెను. పదునొకండవ యేటనే మెట్రిక్యులేషన్ పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. సముద్రపు నీలిమను గూర్చి లోకమునకు క్రొత్త మాట చెప్పనున్నవాని బాల్యము మన విశాఖ కడలి చెంత గడచినదని తలచినప్పుడు తెలుగువారికి ఒకింత సంతోషము కలుగుట సహజము.

తండ్రిగారికి పుస్తకములపై మక్కువ. ఇంటిలో మంచి పుస్తకముల సంగ్రహముండెను. తమ మనస్సును తీర్చిన పుస్తకములు మూడని రామన్‌గారు పెద్దవారైన పిమ్మట చెప్పుకొనిరి. మొదటిది, ఎడ్విన్ ఆర్నాల్డు బుద్ధభగవానుని జీవితమును వర్ణించుచు రచించిన ఆంగ్లకావ్యము. రెండవది, యూక్లిడ్ రేఖాగణితము. మూడవది, నాదము చెవికి ఎట్లు ఇంపగునో విచారించిన హెల్మ్‌హోల్ట్జ్ అను జర్మను పండితుని గ్రంథము. ఒకటి త్యాగమును, ఒకటి తర్కమును, ఒకటి ఇంద్రియములకు గోచరించు వానిని శోధించు మార్గమును నేర్పినవి. మూడు పుస్తకములు ఒక మనుష్యుని ఎట్లు తీర్చిదిద్దగలవో వారి తరువాతి జీవితము చూపును. గ్రంథాలయమున బీరువాలు నిండియుండుట ముఖ్యము కాదు. తగిన పుస్తకము తగిన వయస్సున ఒక బిడ్డ చేతికి చేరుట ముఖ్యము.

పిమ్మట మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1904లో బి. ఏ. పరీక్షయందు ప్రథములుగా ఉత్తీర్ణులై, 1907లో ఎం. ఏ. పట్టమును పొందిరి. ఆ కళాశాలలో విద్యార్థులకు పట్టకపు కోణమును కొలుచు పని యొకటి యుండెడిది. పట్టకమనగా మూడు పలకలుగల గాజు ముక్క. తెల్లని వెలుగు దాని గుండ పోయినప్పుడు ఊదా మొదలు ఎఱుపు వఱకు రంగులుగా విడిపోవును. ఏటేట ఎందఱో విద్యార్థులు ఆ కోణమును కొలిచి, అంకె వేసికొని, ఇంటికి పోయినవారే. రామన్‌గారు మాత్రము కొలుచునప్పుడు దుర్భిణిలో వెలుతురు చారలు కొన్ని కనబడుట గమనించిరి. అవి అటునిటు సమముగా లేవు. ఇవి ఏల యిట్లున్నవని ఆలోచించి, స్వయముగా ప్రయోగములు చేసి, ఒక వ్యాసము వ్రాసి లండనులోని ప్రసిద్ధ శాస్త్రపత్రికకు పంపిరి. అది 1906 నవంబరులో అచ్చయ్యెను. వారికప్పుడు పదునెనిమిదేండ్లు. ఎవరును అడుగని ప్రశ్నను అడుగుటయే వారి విద్యకు మొదటి ఫలము.

ఆ కాలమున ప్రతిభగల విద్యార్థికి సీమకు పోయి చదువుట రాజమార్గము. కాని ఆ శరీరము ఇంగ్లండు చలికి తాళదని మదరాసు వైద్యాధికారి చెప్పుటచే ఆ ద్వారము మూతపడెను. దేశమున విజ్ఞానశాస్త్రమును నమ్ముకొని బ్రతుకుటకు అప్పుడు తావు తక్కువ. కావున రామన్‌గారు ప్రభుత్వ ఆర్థికశాఖ పరీక్షకు కూర్చుండి, అందును ప్రథములై, లోకసుందరి అమ్మాళ్‌ను వివాహమాడి, 1907లో సహాయ అకౌంటెంటు జనరలుగా కలకత్తాలో ఉద్యోగమున చేరిరి. గౌరవమును, జీతమును, భవిష్యత్తును గల పదవి యది. మఱియొకడైనచో అంతటితో తృప్తిపడి యుండును.

కలకత్తాలో బౌబజారు వీధిని పోవుచు వారొక పలకను చూచిరి. భారతీయ విజ్ఞాన వికాస సంఘమని దానిపై వ్రాసియుండెను. మహేంద్రలాల్ సర్కారు అను వైద్యుడు 1876లో ప్రజల విరాళములతో స్థాపించిన సంస్థ యది. ఈ దేశపు బిడ్డలు తమ చేతులతో శాస్త్రప్రయోగములు చేయవలెనన్నది ఆయన ఆశ. ఆయన ఇంటింటికి తిరిగి ధనము కూర్చెను, భవనము కట్టెను, పరికరములు తెప్పించెను. కాని పరిశోధన చేయువారు రాలేదు. ఆ కొఱత మనస్సున నుండగనే 1904లో ఆయన కన్ను మూసెను. రామన్‌గారు తలుపు తట్టినప్పుడు తెఱచినవాడు ఆశుతోష్ దే అను ఉద్యోగి. దుమ్ము పట్టిన ఆ ప్రయోగశాల ఆనాటినుండి మేల్కొన్నది.

అప్పటినుండి వారి దినచర్య వినదగినది. తెల్లవారుజామున లేచి ప్రయోగశాలకు పోవుట; పొద్దెక్కిన పిమ్మట ఇంటికి వచ్చి స్నానభోజనములు ముగించుకొని కచేరికి పరుగెత్తుట; సాయంకాలము ఐదు గంటలకు కచేరి విడిచి తిన్నగా మరల ప్రయోగశాలకే పోవుట; రాత్రి పొద్దుపోయిన పిదప ఇల్లు చేరుట. నడుమ రంగూనునకును, నాగపురమునకును బదిలీ యైన కాలము తప్ప, పదేండ్లు ఇట్లే గడచెను. కచేరి పద్దులలో తేడా రానీయలేదు, ప్రయోగశాలలో విరామమెఱుగలేదు. తలుపు తెఱచిన ఆశుతోష్ దే విశ్వవిద్యాలయము మెట్లెక్కినవాడు కాడు. అట్టివాడు రామన్‌గారికి కుడిభుజమై, కొంతకాలమునకు తన పేరుననే శాస్త్రవ్యాసము ప్రచురించు స్థితికి వచ్చెను. ప్రతిదినము వేళకు తాళము తీయువాడొకడు లేనిచో ఎంతటి సంస్థయు మట్టిపాలగును. ఈ మాట మన గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నడిపినవారికి నేను చెప్పనక్కఱలేదు.

కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు సర్ ఆశుతోష్ ముఖర్జీగారు ఈ యువకుని గమనించిరి. తారకనాథ్ పాలిత్‌గారి దానముతో ఏర్పడిన భౌతికశాస్త్ర ఆచార్య పీఠమును స్వీకరింపుమని కోరిరి. ఆ పదవిలో చేరువాడు విదేశములలో శిక్షణ పొందవలెనను నిబంధన యుండెను. రామన్‌గారు దానికి ఒప్పుకొనలేదు. ముఖర్జీగారు ఆ నిబంధననే సడలింపజేసిరి. జీతము బాగుగా తగ్గునని తెలిసియు 1917లో రామన్‌గారు ఆర్థికశాఖను విడిచి ఆచార్యులైరి. సంసారము గలవాడు, పైమెట్టు కనబడుచున్న ఉద్యోగమును కాలదన్ని, తక్కువ జీతపు బడిపనికి పోయినాడన్నచో మన రచ్చబండపై ఏమనుకొందుమో మనకు తెలియును. పద్దులు వ్రాయువాడనుగాన ఆ నిర్ణయపు బరువు నాకు ఇంకను బాగుగా తెలియును. ఆదాయవ్యయములు తెలియనివారు కారు వారు. తెలిసియే చేసిరి.

1921లో ఆక్స్‌ఫర్డునందు జరిగిన విశ్వవిద్యాలయముల మహాసభకు రామన్‌గారు సముద్రముపై ప్రయాణము చేసిరి. ఆ ప్రయాణమున మధ్యధరా సముద్రపు గాఢనీలిమ వారి మనస్సును పట్టుకొనెను. ఆకాశపు నీలము నీటిలో ప్రతిఫలించుటచేతనే సముద్రము నీలముగా కనబడునని రేలీ ప్రభువు అంతకు మున్నే చెప్పియుండెను. ఆకాశమేల నీలముగా నుండునో లోకమునకు విప్పి చెప్పిన మహావిద్వాంసుడాయన. ఆయన చెప్పినదానిని సందేహించువారెవరు?

ఇచట నాకు భారతము సభాపర్వములోని మయసభ జ్ఞప్తికి వచ్చుచున్నది. దుర్యోధనుడు స్ఫటికపు నేలను చూచి నీరనుకొని వస్త్రమెత్తి పట్టుకొనెను. నీటిని చూచి నేల యనుకొని కాలు వేసి తడిసెను. అది మెఱుగు తలమునుండి వెలుగు తిరిగివచ్చుటయందలి మాయ. దానినే నేడు పరావర్తన మందుము. వెలుగు ఏ కోణమున వచ్చి పడునో అదే కోణమున మరలి పోవును. గోడకు కొట్టిన బంతి వలెనే. ఆ అభిమానధనుడు నవ్వినవారిపై కోపించెనే గాని, నేల నీరుగా ఏల కనబడెనని అడుగలేదు. పూర్వులకు సర్వశాస్త్రములు తెలియునని చెప్పుట నా యుద్దేశము కాదు. కన్ను మోసపోయినప్పుడు మనుష్యుడు రెండు విధములుగా నుండవచ్చును: కోపింపవచ్చును, లేదా కారణము అడుగవచ్చును. ఓడపై నిలిచిన రామన్‌గారు రెండవ మార్గమును పట్టిరి.

వారి చేతిలో నికల్ పట్టకమను చిన్న స్ఫటికపు పరికర ముండెను. నీటిమీదినుండి ఒకానొక కోణమున పరావర్తనము చెంది వచ్చు వెలుగు ఒకే తలమున కంపించును. ఆ స్ఫటికమును తగినట్లు త్రిప్పినచో ఆ వెలుగును ఆపివేయవచ్చును. నేడు కొందఱు ఎండలో ధరించు పోలరాయిడ్ కళ్ళద్దములు చేయు పని యిదియే. సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబమే యైనచో, ఆ ప్రతిబింబమును ఆపివేయగానే నీలిమ మాయము కావలెను. రామన్‌గారు ఆపి చూచిరి. నీలిమ పోలేదు, సరికదా, పైమెఱుగు తొలగుటచే ఇంకను చిక్కబడెను. ఆ నీలిమ నీటిలోపలనే పుట్టుచున్నదని తేలెను. ఓడ బొంబాయి చేరునప్పటికి ఆ విషయమును వ్రాసి శాస్త్రపత్రికకు పంపిరి. నీటి అణువులు వెలుగును చెదరగొట్టుటయు, నీరు ఎఱుపును మ్రింగివేయుటయు, రెండును కలసి సముద్రమునకు ఆ వన్నె నిచ్చునని నేటి శాస్త్రము. ఒక మహావిద్వాంసుని మాటను, జేబులో పట్టు స్ఫటికముతో, ఓడ అంచున నిలిచి పరీక్షించుట యిది. ఇంతకంటె పెద్ద పాఠము పిల్లలకు ఏమున్నది?

ఆకాశపు నీలిమ సంగతియు ఇచట చెప్పవలెను. సూర్యుని వెలుగులో అన్ని రంగులు కలవు. గాలి అణువులు ఆ వెలుగును నలుదిక్కులకు చెదరగొట్టును. పొడుగు తరంగములుగల ఎఱుపును తక్కువగను, పొట్టి తరంగములుగల నీలమును దానికంటె సుమారు నాలుగు రెట్లు హెచ్చుగను చెదరగొట్టును. కావున తల యెత్తిన దిక్కెల్ల నీలము. సాయంకాలమున వెలుగు చాల దూరము గాలిలో పయనించి రావలెను గనుక నీలమంతయు దారిలోనే చెదరిపోయి, ఎఱుపు మాత్రము మిగిలి మన కన్ను చేరును. దీనిని ఇంటిలోనే చూడవచ్చును. గాజు గ్లాసు నీటిలో నాలుగు చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో ఒక ప్రక్కనుండి టార్చిలైటు వేయుడు. ప్రక్కనుండి చూచిన నీరు లేత నీలిగా నుండును. ఎదుటనుండి చూచిన దీపము ఎఱ్ఱబాఱును. పగటి ఆకాశమును సంజెయు ఒకే గ్లాసులో నున్నవి.

కలకత్తా చేరిన పిమ్మట ఏడేండ్లు రామన్‌గారును వారి శిష్యులును ద్రవములలోను, మంచుగడ్డలలోను, గాజులోను వెలుగు చెదరుటనే పరిశీలించిరి. శిష్యులలో కె. ఎస్. కృష్ణన్‌గారు ముఖ్యులు. పంపిన రంగే చెదరి తిరిగి రావలెను. కాని చాల స్వల్పముగా వేఱొక రంగు కూడ వచ్చుచున్నట్లు శిష్యుల కంట పడెను. ద్రవములో మలిన మేదియో యున్నదని తొలుత తలచిరి. మరల మరల శుద్ధి చేసిరి. ఆ వేఱు రంగు పోలేదు.

చదువరులారా, ఇచట నా వృత్తిలోని మాట ఒకటి చెప్పనిండు. సంవత్సరాంతమున జమాఖర్చులు సరిచూచునప్పుడు ఒక్క రూపాయి తేడా వచ్చినదనుకొనుడు. చేతినుండి ఒక రూపాయి వేసి సరిపెట్టువాడు ఒకడు. ఆ రూపాయి ఎచట తప్పినదో తేలువఱకు దీపమార్పనివాడు మఱియొకడు. రామన్‌గారు ఆ రెండవ తెగవారు. తేడాను మలినమని కొట్టివేయక, అది వెలుగు స్వభావమే యని ఊహించి, 1928 ఫిబ్రవరి 28వ తేదీన వర్ణదర్శినితో చూచి నిశ్చయించిరి. అటుపిమ్మట పాదరసపు దీపపు వెలుగుతో ఆ రంగు గీతలు స్పష్టముగా కనబడెను. కృష్ణన్‌గారితో కలసి 60 ద్రవములలో దానిని చూచిరి.

దాని తత్త్వ మిది. వెలుగు చిన్న చిన్న శక్తిపొట్లములుగా వచ్చును. అణువును తాకిన పొట్లములలో హెచ్చుభాగము వచ్చిన శక్తితోనే మరలిపోవును. సుమారు కోటిలో ఒకటి మాత్రము అణువునకు కొంత శక్తి నిచ్చి తాను తఱుగును. లేదా అణువునుండి కొంత గ్రహించి తాను పెరుగును. ఇచ్చినంత అణువు పద్దున జమ; వెలుగు పద్దున ఖర్చు. శక్తి మారినప్పుడు రంగు మారును. ఎంత మారినదో కొలిచినచో ఆ అణువు నిర్మాణము తెలియును. కోటి పద్దులలో ఒక్క పద్దు తేడా! దానినే లోకము రామన్ ఫలితమని పిలుచుచున్నది. అదే నెలలో మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మండెల్‌స్టామ్ అను విద్వాంసులును స్ఫటికములలో ఇట్టిదానినే చూచిరని చెప్పుట న్యాయము. ఈ పరిశోధనకై 1930లో రామన్‌గారికి నోబెల్ బహుమానము లభించెను. విజ్ఞానశాస్త్రమున ఆ గౌరవమును పొందిన ఆసియా వాసులలో వారు ప్రథములు. నేడు రత్నము నిజమైనదా గాజుముక్కయా, మందు అసలైనదా నకిలీయా యని తేల్చుటకు చేతిలో పట్టు పరికరములు ఈ సూత్రముతోనే పనిచేయుచున్నవి. ఫిబ్రవరి 28వ తేదీని 1987 మొదలు దేశమంతటను జాతీయ విజ్ఞాన దినముగా జరుపుకొనుచున్నాము.

మహనీయుని దోషములు దాచుట చరిత్ర వ్రాయువానికి తగదు. రామన్‌గారు 1933లో బెంగుళూరు విజ్ఞాన సంస్థకు అధ్యక్షులుగా పోయిరి. మాట కరుకు, పట్టుదల హెచ్చు. సహోద్యోగులతోడను, పాలకవర్గముతోడను వివాదములు పెరిగి 1937లో ఆ అధ్యక్షపదవిని విడువవలసి వచ్చెను; ఆచార్యులుగా మాత్రము 1948 వఱకు అచటనే యుండిరి. చరమదశలో కన్ను రంగులను గ్రహించు విధమును గూర్చి వారు ప్రతిపాదించిన సిద్ధాంతమును శాస్త్రజ్ఞులు అంగీకరింపలేదు. అన్నిటికంటె మనము గమనింపవలసిన దోషము వేఱొకటి కలదు. 1933లో కమలా భాగవత్ అను యువతి ఆ సంస్థలో పరిశోధన చేయగోరగా, స్త్రీ యను కారణముచే వారు తొలుత నిరాకరించిరి. ఆమె తొణకక పట్టుబట్టి, నిబంధనలకు లోబడి చేరి, తన పనితో వారి అభిప్రాయమును మార్చెను. పిమ్మట అన్నా మణి మున్నగు యువతులు రామన్‌గారి ప్రయోగశాలలోనే పనిచేసిరి. వెలుగు ఎవరి కంటనైన ఒకే తీరున పడునని ఆ మహావిద్వాంసునకు నేర్పినది ఒక ఆడబిడ్డ. మన యిండ్లలో ఆడపిల్లను తొందరగా బడి మాన్పించువారు ఈ ముక్కను రెండుసార్లు చదువుదురు గాక.

తెలుగువారితో వారికిగల బంధము విశాఖతో ముగియలేదు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతంగారు 1928లో కలకత్తా పోయి రామన్‌గారి శిష్యులైరి. పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులై, తరువాతి కాలమున గురువు కూర్చున్న బెంగుళూరు సంస్థకే అధ్యక్షులైరి. విశాఖ నుండి కలకత్తాకు పోయిన దీపము మరల విశాఖకు తిరిగి వచ్చినట్లు నాకు తోచును.

1948లో ఉద్యోగవిరమణ చేసిన పిదప రామన్‌గారు బెంగుళూరున తమ పేరిటి పరిశోధన సంస్థలో నివసించిరి. రత్నములు, ఖనిజములు, శంఖములు, సీతాకోకచిలుకలు, పక్షుల ఈకలు సేకరించి ఒక ప్రదర్శనశాల నెలకొల్పిరి. అవి వారికి ఆటవస్తువులు కావు. నెమలి ఈకకు రంగెట్లు వచ్చెను, ముత్యపుచిప్పకు ఆ మెఱుగేమి, వజ్రము ఏల అట్లు మెఱయును అని ప్రశ్నించుటకు సాధనములు. డెబ్బది దాటిన వయస్సున ఎండమావులను గూర్చియు శిష్యునితో కలసి పరిశోధించిరి. పెద్ద పెద్ద అధికారులకు దొరకని సమయము బడిపిల్లలకు దొరకెడిది. పిల్లలను వెంటబెట్టుకొని, చీకటి గదిలో కాంతులీను ఖనిజములను తామే చూపెడివారు.

1968 డిసెంబరు 22వ తేదీన అహమ్మదాబాదులో విక్రం సారాభాయిగారు స్థాపింపబూనిన విజ్ఞాన కేంద్రమునకు రామన్‌గారు శంకుస్థాపన చేసిరి. విక్రం సారాభాయిగారు వారి శిష్యులే. అప్పటికి రామన్‌గారికి ఎనుబది నిండినవి. ఆనాటి ఉపన్యాసమునకు వారు ఎన్నుకొన్న విషయము తమ నోబెల్ బహుమానము కాదు. ఆకాశమేల నీలము అన్నది. దానిని చూచుటకు ప్రయోగశాలకు పోనక్కఱలేదు, తల యెత్తిన చాలునను భావముతో మొదలిడి, ఒక ప్రశ్నలోనుండి మఱియొక ప్రశ్నను లాగిరి. మబ్బు ఏల తెల్లగానున్నది? వెన్నెలయు సూర్యుని వెలుగే కదా, రాత్రి ఆకాశమేల నీలముగా కనబడదు? వెలుగు మందమైనప్పుడు మన కన్ను రంగును గుర్తింపలేదని వివరించిరి. జవాబులు పంచిపెట్టుటకంటె ప్రశ్నలు పుట్టించుటయే వారి బోధనపద్ధతి. 1954లో భారతరత్నమైన ఆ వృద్ధుడు 1970 నవంబరు 21వ తేదీన పరమపదించిరి. వారి కోరిక ప్రకారము వారి సంస్థ తోటయందే దహనసంస్కారము జరిగెను.

ఈ జీవితమునుండి మన పల్లె గ్రహింపవలసినది ఒకటే. వెలుగును బోధించుటకు ఖరీదైన సామగ్రి అక్కఱలేదు. ఇత్తడిగిన్నె అడుగున రూపాయిబిళ్ళ నుంచి, అంచు మాటున అది కనబడకుండునంత వెనుకకు పిల్లవానిని నిలిపి, గిన్నెలో నీరు పోయుడు. బిళ్ళ పైకి లేచి కనబడును. వెలుగు గాలిలో క్షణమునకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోవును. నీటిలో సుమారు 2,25,000 మాత్రమే పోవును. గట్టిబాటనుండి ఏటవాలుగా ఇసుకలో దిగిన బండికి ముందుగా ఒక చక్రము మందగించి, బండి ప్రక్కకు తిరుగును గదా. వెలుగును అట్లే వంగును. అదే వక్రీభవనము. ఉదయముననో సాయంకాలముననో సూర్యునకు వీపు పెట్టి నిలిచి, గొట్టపు నీటిని సన్నని తుంపరగా చిమ్మించుడు. ఇంద్రధనుస్సు పెరటిలోనికి దిగివచ్చును. పిమ్మట పుస్తకము తెఱచి నిర్వచనము చదివింపుడు. అప్పుడది వల్లింపనక్కఱలేదు, దానంతట అదే నిలుచును.

నిర్వాహకులకు నా విన్నపమొకటి. ఈ రజతోత్సవ జ్ఞాపకార్థము మన గ్రంథాలయమున ఒక చిన్న బల్ల వేయుడు. దానిపై ఒక అద్దము, ఒక గాజు పట్టకము, ఒక భూతద్దము, ఒక గ్లాసు, ఒక టార్చిలైటు ఉంచుడు. పెద్ద ఖర్చు కాదు. లెక్క నేను వ్రాసెదను. బౌబజారు వీధిలోని ఆ తలుపు ఒక యువకుని కొఱకు ముప్పదియొక్క యేండ్లు కాచుకొనియుండెను. మన తలుపు తెఱచి ఇరువదియైదేండ్లే యైనది. గ్లాసులో పెన్సిలును చూచి ఆనందించిన ఆ బాలిక మఱునాడు తన చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చి, చెఱువులో చేప కనబడిన చోటనే ఉండునా అని నన్నడిగినది. ఉండదు, కనబడిన దానికంటె లోతుననే యుండును. నేను ఆ జవాబు చెప్పలేదు. గట్టుపై నిలిచి చూచి రమ్మంటిని.